సూది తర్వాత వచ్చిందా, ముందే ఉందా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ఒకావిడ అడిగారు, టీకా వేయించుకున్న కొన్నాళ్లకే కీళ్లు వాచాయి, దానివల్లేనా అని. ‘అలాంటి అపోహలు పెట్టుకోవద్దు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ జవాబు చదివి మనసు చివుక్కుమంది. అదే ప్రశ్నను నేను చాలాకాలం మోశాను. అందుకే ఈ ఉత్తరం. రాస్తూ రాస్తూ రెండుసార్లు పెన్ను పక్కన పెట్టి వేళ్లు చాపుకున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

నాది తెనాలి. ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. 2021లో నాకు 49. నలభై అయిదు దాటినవాళ్లందరికీ ఏప్రిల్ 1 నుంచి టీకా అన్నారు కదా, రెండో వారంలోనే వెళ్లి కోవిషీల్డ్ వేయించుకున్నాను. మధ్యలో రెండు డోసుల మధ్య ఎడం 12–16 వారాలు చేయడంతో రెండోది జూలై మూడో వారంలో పడింది. ఒక రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు, అంతే. సరిగ్గా శ్రావణం వచ్చేసరికి పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోవడం లేదు. వేళ్ల కణుపులు ఉబ్బి మెరుస్తున్నాయి. కత్తెరలో బొటనవేలు పట్టలేదు. వరలక్ష్మీ వ్రతానికి ఒప్పుకున్న పదకొండు లైనింగ్ జాకెట్ల బట్టలు మడత విప్పకుండానే వెనక్కిచ్చాను. మా పనిలో అంతకంటే తలవంపు లేదు.

సూది వేసిన చోటికే వెళ్లి చెప్పాను. ‘ఈ వయసుకి మామూలేనమ్మా’ అని పారాసిటమాల్ చేతిలో పెట్టారు. నా పేరు కూడా రాసుకోలేదు. ఇంటికొచ్చి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడితే అరగంటలో ఇరవైమంది ‘సూదే, ఇంకేముంది’ అన్నారు. ఒకచోట వినిపించుకోలేదు, ఇంకోచోట పూర్తిగా వినకుండానే ఒప్పేసుకున్నారు.

అక్టోబరులో గుంటూరు వెళ్లి కీళ్లవాతం డాక్టరు గారికి చూపించుకున్నాను. రక్తపరీక్ష చేస్తే, ఈ జబ్బు ఆనవాళ్లయిన ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ ఎక్కువొచ్చాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. అంటే మన ఒంటిని కాపాడాల్సిన కణాలే మన కీళ్ల మీద పడటం. మెథోట్రెక్సేట్ అనే మందు రాసి, వారానికి ఒక్కరోజే అని చీటీ మీద ఎర్రగా గీశారు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందట. ఈ ముక్క మీ పేజీలో పెద్దక్షరాలతో వేయండి, పుణ్యముంటుంది.

‘సూది వల్లేనాండీ?’ అని ఆయన్ని అడిగాను. ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. బయట మనుషులు కూర్చుని ఉన్నా పది నిమిషాలు చెప్పారు. క్రిమి ఆనవాలు, మన ఒంట్లోని ఏదో ఒకదాని ఆనవాలు దగ్గర దగ్గరగా ఉంటే రక్షణ కణాలు పొరబడతాయట. ఇద్దరికి ఒకే కొలతలుంటే ఒకరి జాకెట్టు ఇంకొకరి సంచిలో పడుతుంది. ముప్పై ఏళ్లలో నా దగ్గరే నాలుగైదుసార్లు జరిగింది, కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

అలాంటి పొరపాట్లు టీకాలతో అసలు జరగలేదని ఆయన అనలేదు. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా నాలుగు కోట్లమందికి పైగా వేస్తే, లక్షకు ఒకరు చొప్పున అదనంగా జీబీఎస్ (రక్షణ కణాలే నరాల మీద పడి కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు) వచ్చింది, డిసెంబరులో ఆ కార్యక్రమమే ఆపేశారు. 2025 మొదట్లో పుణెలో వచ్చిందని అన్ని పేపర్లూ రాసిన జీబీఎస్సే అది. పుణెలో దాన్ని తెచ్చింది టీకా కాదు, పాడు నీళ్లు, వాటిలోని క్రిమి. నాకు వేసిన కోవిషీల్డ్ సంగతీ చెప్పారు. చాలా అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోతూనే రక్తం గడ్డకట్టడం, అదీ ఒంట్లో పుట్టిన యాంటీబాడీల వల్లేనట. ఇది 2021లోనే బయటపడిన విషయం. అయినా 2024లో ఆ టీకాను తయారుచేసిన ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టు కాగితాల్లో ఆ మాట ఒప్పుకుందని వార్త వచ్చిన రోజున నా ఫోను మోగుతూనే ఉంది. ‘చూశావా, మేం చెప్పలా?’ అని. గడ్డలకీ నా కణుపులకీ సంబంధం లేదని ఒక్కొక్కరికీ చెప్పేసరికి నోరు నొప్పెట్టింది.

మరి నా జబ్బు మాటేమిటి? స్వీడన్‌లో ఈ జబ్బు కొత్తగా వచ్చిన దాదాపు 2 వేలమందిని, రాని మరో 2 వేల పైచిలుకు మందిని పోల్చి, అంతకుముందు ఐదేళ్లలో ఎవరెవరు ఏ టీకాలు వేయించుకున్నారో అడిగారు. తేడా కనిపించలేదు. అది కోవిడ్ టీకాకంటే పదేళ్ల ముందు మాట. బీఫార్మసీ చదివిన మా అమ్మాయి నాకింకో లెక్క వేసి చూపించింది. అమెరికాలో ఏడాదికి లక్షమంది పెద్దవాళ్లలో 40 మందికి కొత్తగా ఈ జబ్బు వస్తుందట. అదే లెక్క మనకూ అనుకుంటే కోటిమందిలో 4 వేలమంది, అంటే నెలకు మూడువందల మందికి పైనే, ఏ సూదీ లేకపోయినా. ఆ కోటిమందికీ ఒకే నెలలో సూది వేస్తే తర్వాతి నెల ఆ మూడువందల మందీ నాలాగే వేలు చూపిస్తారు.

లెక్క బాగానే ఉంది గానీ, లెక్కతో నా మనసు కుదుటపడలేదు. కుదుటపడింది వేరే రకంగా. యాంటీ సీసీపీ నొప్పి రావడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో కనపడొచ్చని డాక్టరు గారు అన్న మాట బస్సులో వస్తున్నంతసేపూ గుర్తొస్తూనే ఉంది. కొలతల కోసం నా పాత ఆర్డర్ల పుస్తకాలు పారెయ్యను. 2020 పుస్తకం తీశాను. డిసెంబరు పేజీలో పన్నెండు జాకెట్లకు ‘హుక్సులు, చేతిపని బయట’ అని నా చేతిరాతే ఉంది. నేను హుక్సులు బయటకిచ్చే మనిషిని కాదు, కుట్టు వదులుగా వేస్తారని. పక్కన చిన్నగా ‘వేళ్లు’ అని ఒక్క మాట. తర్వాతి పుస్తకంలో సంక్రాంతి పేజీలోనూ అదే. అంటే మొదటి డోసుకి నాలుగు నెలల ముందు! చాలాసేపు మిషను ముందు ఊరికే కూర్చున్నాను. అబద్ధమాడానా అంటే లేదు, నిజంగానే మర్చిపోయాను. టీకాకి తేదీ ఉంది, ఫోనులో మెసేజీ ఉంది, ప్రధానమంత్రి గారి ఫొటోతో సర్టిఫికెట్ ఉంది. డిసెంబరులో వేళ్లు బిగుసుకున్న పొద్దుటికి అలాంటిదేమీ లేదు.

అయితే కథ అక్కడితో తేలిపోయిందని కూడా అననండీ. 2020 ఆగస్టులో మా ఆయనకు కోవిడ్ వచ్చింది, వండిపెట్టింది నేనే, టెస్టు చేయించుకోలేదు. కోవిడ్ వచ్చిపోయాక కూడా ఇలాంటి జబ్బులు పెరుగుతున్నట్టు తేలింది. 2006లో చికున్‌గున్యాతో ఆరు నెలలు మెట్లు దిగలేకపోయాను. మా మేనత్త వేళ్లు చివరి రోజుల్లో కొంకర్లు పోయాయి. పోనీ, ముందే రాజుకుంటున్నదాన్ని రెండో డోసు ఎగదోసిందా? కొందరికి టీకా తర్వాత కొద్దిరోజులు నొప్పులు ఎక్కువవుతాయి, మీ విషయంలో అది జరిగిందో లేదో ఇప్పుడు చెప్పలేను అన్నారు డాక్టరు గారు. చెప్పలేను అన్నందుకే ఆయన మిగతా మాటలు కూడా నమ్మాను.

ఇదంతా ఎందుకంటే, ఈ మధ్య మా మనవరాలికి తొమ్మిది నెలలు నిండాయి. తట్టు, రుబెల్లా సూది వేయించాలి. మా కోడలు వంటింట్లో నా చేతులే చూస్తూ, ‘అత్తయ్యా, పాపకూ ఇలా అయితే?’ అంది. ఆ పిల్లని అపోహ అనలేకపోయాను. పుస్తకం తెచ్చి చూపించాను. ఆ సూదితో ముప్పై, నలభై వేల డోసులకు ఒకరికి ప్లేట్‌లెట్లు కొన్నాళ్లు తగ్గుతాయని, ఎక్కువమందికి అదే సర్దుకుంటుందని, తట్టు జబ్బు సోకితే అదీ ఇంకా ఎక్కువగా రావచ్చని మా అమ్మాయి చెప్పింది. మర్నాడు బుధవారం అంగన్‌వాడీకి వెళ్లి వేయించుకొచ్చాం. రాత్రి కాస్త జ్వరం వచ్చింది, తెల్లారికి తగ్గిపోయింది.

మీ పేపరును అడిగేది ఇదీ. టీకా తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా రాసుకోవడం నిబంధనల్లోనే ఉంది. టీకాయే కారణమా కాదా అన్నది జిల్లా, రాష్ట్ర కమిటీలు తర్వాత తేల్చాల్సిన మాట. 2022 మే 2న సుప్రీంకోర్టు కూడా మామూలు మనుషులు, ప్రైవేటు డాక్టర్లు నేరుగా చెప్పుకునే వీలు కల్పించమంది. మందుల ఇబ్బందులు చెప్పడానికి 1800-180-3024 అని ఉచిత నంబరు ఒకటుంది. ఇవేవీ 2021లో నాకెవరూ చెప్పలేదు. ఆవిడకిచ్చిన జవాబులో మీరూ చెప్పలేదు. ‘నొప్పి మొదట ఎప్పుడు తెలిసింది, టీకాకి ముందు ఏమైనా ఉందా, ఎక్కడ నమోదు చేయించారు’ అని మూడు ప్రశ్నలు వేసి ఉంటే ఆవిడ కూడా ఇంట్లో ఏదో పాత పుస్తకం వెతుక్కునేది. అందులో టీకాకి ముందు ఏమీ కనిపించకపోతే, అదీ డాక్టర్లకు తెలియాల్సిన సంగతే.

నన్ను ఆ మూడు ప్రశ్నలు ఏ ఆఫీసువాళ్లూ ఇప్పటిదాకా అడగలేదు. 2020 పుస్తకం మిషను సొరుగులోనే ఉంది. ఎవరైనా వస్తే చూపిస్తాను.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
మారీసుపేట, తెనాలి.