బంకర్ బోర్డులు జనవరికి ఇవ్వలేం

అమెరికన్ సర్ఫర్ బంకర్ స్ప్రెకెల్స్ జ్ఞాపకంగా చేస్తున్న సర్ఫ్‌బోర్డు కోసం అడ్వాన్సు కట్టినవాళ్లకి ముందు అసలు సంగతి: అవి జనవరికి రావు. కొత్త తేదీ కూడా ఇప్పుడు చెప్పను. డబ్బు వెనక్కి కావాలంటే ఒక్క రూపాయి కోత లేకుండా వేసేస్తాం. మామూలు ఆర్డర్లు, డింగ్ (సొట్టలు, పగుళ్లు) రిపేర్లు ఎప్పటిలాగే నడుస్తాయి.

2027 జనవరికి బంకర్ పోయి 50 ఏళ్లు. అందుకని పెట్టుకున్న పని ఇది. అతని ముత్తాత క్లాస్ స్ప్రెకెల్స్ కాలిఫోర్నియాలో, హవాయిలో పంచదార మీద కోట్లు గడించినవాడు. మావి దీవిలో ఆయన పేరుతో స్ప్రెకెల్స్‌విల్ అని ఊరే ఉంది. తల్లి కే విలియమ్స్ 1955లో క్లార్క్ గేబుల్‌ని పెళ్లాడింది కాబట్టి అంత పెద్ద హాలీవుడ్ నటుడు ఇతనికి మారుతండ్రి. కుటుంబం ఆస్తి చేతికొచ్చాక కార్లు, వేషాలు, దేశాలు తిరగడం, మత్తుమందులు. 27 ఏళ్లకే పోయాడు. ఆర్ట్ బ్రూయర్ తీసిన ఫొటోల వల్ల లోకానికి ఎక్కువగా తెలిసింది ఆ బంకరే.

నాకు కావలసింది అంతకు ముందటి బంకర్. 1960ల చివర్లో హవాయిలోని ఓహూ దీవి ఉత్తర తీరంలో, తొమ్మిదడుగుల బోర్డులు ఒక్కసారిగా పొట్టివైపోతున్న రోజుల్లో, ఇతను ఇంకా పొట్టి బోర్డులు పట్టుకుని నీళ్లలోకి దిగాడు. వాటి రెయిల్, అంటే బోర్డు పక్క అంచు, కిందికి దిగి, అడుగున పదునుగా తెగుతుంది. కొన్నింటికి ఫిన్ (అడుగున తోక దగ్గర ఉండే రెక్క) కూడా లేదు. గుండ్రటి రెయిల్ చుట్టూ నీరు అంటుకుని పైకి పాకుతుంది, బోర్డుని పట్టి లాగుతుంది. అడుగున పదునైన అంచు ఉంటే నీరు అక్కడే తెగిపోతుంది, వేగం నిలుస్తుంది. ఫిన్ లేనప్పుడు అలని పట్టుకునేది ఆ అంచు ఒక్కటే. అతన్ని గుర్తుపెట్టుకోవాల్సింది దాని కోసం, ఆస్తి కోసం కాదు. బంగారు రంగు అక్షరాలు, కారు బొమ్మ వేయమని అడిగినవాళ్లకి కాదన్నది కూడా అందుకే.

ఇక బ్లాంకుల గొడవ. మన బోర్డులకి వాడే పాలీయురేథేన్ బ్లాంకులు, అంటే బోర్డు చెక్కే ఫోమ్ దిమ్మలు, బయటి నుంచి తెప్పిస్తాం. ఈ విడతలో 12 వచ్చాయి, అందులో 7 మెలి తిరిగి ఉన్నాయి. చూడటం కష్టం కాదు: ముక్కు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి తిన్నటి పట్టీలు అడ్డంగా పెట్టి, ఒక కొస నుంచి కన్ను ఆనించి చూడాలి. రెండూ సమాంతరంగా కనపడాలి. వీటిలో అర మీటరు పట్టీ మీద 9 మిల్లీమీటర్ల దాకా తేడా ఉంది. స్ట్రింగర్ (బ్లాంకు మధ్యలో పొడుగునా ఉండే చెక్క పట్టీ) అతికించేటప్పుడు సరిగా బిగించకపోతే ఇలా అవుతుంది.

సప్లయర్‌కి ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: చెక్కేస్తే పోతుంది, పైన ఫైబర్‌గ్లాసు వేశాక ఎవరికీ తెలీదు. ఆ మాట నేను మరిచిపోను. చెక్కితే మెలి పోతుంది, నిజమే. కానీ బ్లాంకు బన్ను రొట్టె లాంటిది. పైపొర గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. మెలి తీయడానికి ఎంత లోతుకి దిగితే అంత మెత్తటి ఫోమ్ బయటపడుతుంది. నాలుగు ఔన్సుల ఫైబర్‌గ్లాసు క్లాత్ రెండు పొరలు వేసినా నెల తిరక్కుండా డెక్ (నిలబడే పైభాగం) మీద మడమ గుంటలు పడతాయి. మెలి అలాగే వదిలేస్తే బోర్డు ఒక పక్కకే లాగుతుంది. ఫిన్లు ఉన్న బోర్డులో ఆ లోపం చాలావరకు కప్పబడిపోతుంది. మనం చేసే ఈ ఫిన్ లేని దాంట్లో మొదటి అలకే బయటపడుతుంది.

మిగిలిన దారి థర్మోకోల్, అంటే ఈపీఎస్. దీని మీద నేను పడ్డ మథన ఇంకే పని మీదా పడలేదు, ఎందుకంటే అలా చేస్తే జనవరికి ఇచ్చేయొచ్చు. ప్యాకింగ్ థర్మోకోల్ పనికిరాదు, పూసల మధ్య నుంచి నీరు పీల్చేస్తుంది. ఘనపు మీటరుకి 30 కిలోల దగ్గర ఉన్న దిమ్మ కావాలి, అది దొరుకుతుంది. పాలియెస్టర్ రెజిన్ తగిలితే ఈపీఎస్ కరిగిపోతుంది కాబట్టి ఎపాక్సీ వాడాలి. మన విశాఖ తేమలో ఎపాక్సీ ఆరేటప్పుడు పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని నీళ్లతో కడిగి, సాండింగ్ చేశాకే తర్వాతి కోటు వేయాలి. ఇవన్నీ చేయగలిగినవే. కానీ ఈపీఎస్ తేలిక, నీటి మీద ఎగిరెగిరి పడుతుంది. ఈ బోర్డు రెయిల్ అలలోకి దిగి కూర్చోవాలి. దిగని రెయిల్ మీద బంకర్ పేరు రాయడానికి నా మనసు ఒప్పుకోలేదు. వద్దనుకున్నాను.

బాగున్న 5 బ్లాంకుల్లో పని మొదలైంది. అంచు ఎలా వస్తుందో చెబుతాను, చాలామంది అడిగారు. ఫోమ్‌ని పదునుగా చెక్కితే క్లాత్ ఆ మూల దగ్గర లేచి గాలి బుడగలు పడతాయి. అందుకే ఫోమ్‌ని 3 మిల్లీమీటర్ల గుండ్రంలోనే ఆపి, క్లాత్ చుట్టేసి, తర్వాత రెయిల్ పొడుగునా టేపుని నిలువుగా గట్టులా అంటించి హాట్ కోట్ (పైన పోసే రెజిన్ పొర) పోస్తాం. రెజిన్ ఆ టేపుకి ఆనుకుని గట్టిపడ్డాక దిమ్మకి సాండ్‌పేపరు చుట్టి సాండింగ్ చేస్తే అంచు తెగుతుంది. వట్టి చేత్తో రుద్దితే మళ్లీ గుండ్రమైపోతుంది. ఆ అంచు రాయికి తగిలితే పెచ్చు లేస్తుంది, కాబట్టి రాళ్ల వైపు ఈ బోర్డు తీసుకెళ్లకండి.

ఈ 5 ముందుగా అడ్వాన్సు కట్టిన వరసలోనే వెళతాయి. ఎవరు ఫోన్ చేసినా వరస మారదు. మిగతావాళ్లు ఆర్డర్ నంబరు రాసి, డబ్బు వెనక్కా, ఆగుతారా అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఆగేవాళ్లకి ధర పెంచను. ‘ఎందుకైనా మంచిది, రెండు ఫిన్ ప్లగ్గులు (ఫిన్ బిగించే గూళ్లు) వేయండి’ అని మాత్రం మళ్లీ అడగొద్దు. వేయను. ఫిన్లు కావాలంటే మామూలు ఫిష్ బోర్డులు రెండు రెడీగా ఉన్నాయి, వచ్చి చూసుకోండి.