నానమ్మ దాచిన డబ్బా

అమ్మలూ,

నువ్వు హాస్టల్‌కి వెళ్ళి ఇరవై రోజులైంది. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం గానీ ఆ రాత్రి సంగతి మాత్రం ఇద్దరమూ ఎత్తడం లేదు. ఇంటిగ్రేటివ్ హెల్త్ అండ్ వెల్‌నెస్ చదువుతానని నువ్వు చెప్పినప్పుడు, "అది చదివితే నిన్నేమని పిలుస్తారు? డాక్టరమ్మ అనా, యోగా టీచరనా?" అన్నాను. మీ అమ్మ నవ్వింది. నువ్వు నవ్వలేదు. తింటున్న పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయావు.

ఫోన్‌లో చెప్పడం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రి మందుల కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. "పూర్తిగా సహజం, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అని రాసున్న డబ్బాలు పట్టుకొచ్చి "ఇది కూడా వేసుకోవచ్చా సార్" అని అడిగేవాళ్ళని చూసీ చూసీ, వెల్‌నెస్ అన్న మాట వింటేనే ఒళ్ళు మండే స్థితికి వచ్చాను. నువ్వు చదవబోయేది ఆ డబ్బాల గురించే అనుకున్నాను. నువ్వు వెళ్ళాక, టేబుల్ మీద వదిలేసిన సిలబస్ కాగితాలు తీసి చూశాను. అనాటమీ, ఫిజియాలజీ, పోషకాహారం, హెల్త్ సైకాలజీ, స్టాటిస్టిక్స్ ఉన్నాయి. వాటి పక్కనే ధ్యానం, మసాజ్, ఆక్యుపంక్చర్, మూలికలు, నిద్ర, ఒత్తిడి. చివర్లో మనుషులతో ఎలా మాట్లాడాలన్న దాని మీదే ఏకంగా రెండు పేపర్లు. ఆ రెండూ చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది.

అప్పటికి నీకు ఏడేళ్ళు. నానమ్మ ఆసుపత్రిలో ఉందని తెలుసు గానీ ఎందుకో నీకెవరూ పూర్తిగా చెప్పలేదు.

నానమ్మకి గుండె లయ తప్పుతోందని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర రాశారు. దానితో వచ్చే చిక్కు నీకు ఫార్మకాలజీలో చెబుతారులే. తక్కువైతే రక్తం గడ్డకడుతుంది, ఎక్కువైతే కారుతుంది. అందుకే మాటిమాటికీ ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయిస్తారు, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే అంకె అది, పెరిగేకొద్దీ రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. ఆమెకి అది 2కీ 3కీ మధ్య ఉండాలి. ఎంతకీ 2 దాటేది కాదు. డాక్టరుగారు డోసు పెంచారు. మళ్ళీ పెంచారు. "మాత్ర సరిగ్గా వేసుకుంటున్నావా అమ్మా?" అని నేను రోజూ అడిగేవాణ్ణి. "వేసుకుంటున్నాను" అనేది. అబద్ధం కూడా కాదు.

ఒక రోజు పొద్దున్నే మోచేతి దగ్గర చూస్తే అరచేయంత నల్లటి కమిలిన మచ్చ. ఎక్కడా తగల్లేదంది. పళ్ళు తోముకుంటే ఉమ్మి ఎర్రగా వస్తోందని కూడా చెప్పింది, అదీ మీ అమ్మ నాలుగుసార్లు గుచ్చి గుచ్చి అడిగితే. పరిగెత్తుకెళ్ళి పరీక్ష చేయిస్తే ఐ.ఎన్.ఆర్. 7.

ఆమెకి బట్టలు తేవడానికి ఇంటికొచ్చి బీరువా తీశాను. మడతల వెనక ఒక ఖాళీ డబ్బా, అడుగున పచ్చటి పొడి. నీరసానికి మంచిదని ఎవరో చెబితే ఏడాదిగా రోజుకి రెండు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగుతోందట. ఎండిన ఆకుల పొడి అది. ఆకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. ఆ విటమిన్ పనికి అడ్డం పడటమే వార్ఫరిన్ చేసే పని. అంటే మాత్ర ఒక పక్కకి లాగుతుంటే పొడి రెండో పక్కకి లాగుతూ వచ్చింది. డాక్టరుగారు పెంచుకుంటూ పోయిన డోసంతా ఆ పొడితో కుస్తీ పట్టడానికే సరిపోయింది. రెండు వారాల క్రితం పొడి అయిపోయింది, ఆమె మళ్ళీ తెప్పించుకోలేదు. డోసు మాత్రం అలాగే ఉండిపోయింది.

పొడిలో విషమేమీ లేదు. మాత్రలో లోపం లేదు. కోలుకున్నాక, "ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"మొదట్లో ఒకసారి డాక్టరుతో అన్నాన్రా. చెత్తంతా తినకండి అని కసురుకున్నాడు. ఇంక చెప్పబుద్ధి కాలేదు."

"మరి నాకు?"

"నువ్వు కూడా అదే అంటావుగా."

అనేవాణ్ణే, అమ్మలూ. అందులో సందేహం లేదు. మందుల గురించి ఊరందరికీ చెప్పే నాకు సొంత తల్లి ఏం తాగుతోందో తెలియలేదంటే, నా చదువులో లోటేమీ లేదు, నా మొహంలో ఉంది. నీ సిలబస్‌లో ఆ రెండు పేపర్లు ఎందుకు పెట్టారో నాకు అందుకే అర్థమైంది.

ఇప్పుడు నీ కోర్సు పేరు సంగతి. అమెరికాలో ఈ విషయాల మీద పరిశోధన చేయించే ప్రభుత్వ సంస్థ ఒకటుంది. 1998లో దాని పేరులో 'కాంప్లిమెంటరీ అండ్ ఆల్టర్నేటివ్' అని ఉండేది. 2014లో ఆల్టర్నేటివ్ తీసేసి ఇంటిగ్రేటివ్ పెట్టారు. పైపైన చూస్తే బోర్డు మార్చినట్టే ఉంటుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆల్టర్నేటివ్ అంటే వైద్యానికి బదులు, ఇంటిగ్రేటివ్ అంటే వైద్యంతో పాటు. ఈ రెంటికీ తేడా ప్రాణమంత ఉంటుంది. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లు వేరే అవయవాలకు పాకకముందే గుర్తించినా, మామూలు చికిత్స వద్దని ప్రత్యామ్నాయ పద్ధతులు మాత్రమే పట్టుకున్న 281 మందిని, చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చిన అధ్యయనం 2018లో వచ్చింది. మొదటివాళ్ళలో మరణం ముప్పు రెండున్నర రెట్లు తేలింది. నీ దగ్గరికి వచ్చినవాళ్ళెవరైనా "మందులు మానేసి ఇదే చేద్దామనుకుంటున్నా" అంటే, ఆ రోజు నువ్వు చేయాల్సిన పని వాళ్ళని ఎలాగైనా డాక్టరు దగ్గరికి పంపడం.

అలాగని నాలాగా ముందే మొహం ముడుచుకోకు. చైనాలో తూ యోయో అనే శాస్త్రవేత్త ఉన్నారు. మలేరియాకి మందు వెతుకుతూ పాత వైద్య గ్రంథాలన్నీ తిరగేశారు. ఒక మొక్క సారం ఒకసారి పనిచేస్తే ఇంకోసారి పనిచేయలేదు. నాలుగో శతాబ్దపు పుస్తకంలో ఒక వాక్యం ఆమెని ఆపింది: గుప్పెడు ఆకుని నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని. మరిగించమని లేదు! వేడికి అసలు మందే పోతోందేమో అనిపించి, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. 1971లో ఎలుకల మీద పూర్తిగా పనిచేసింది. ఆ తర్వాత మనుషులకిచ్చే ముందు ఆమె, తోటివాళ్ళు తామే తాగి చూసుకున్నారు. అదే ఆర్టెమిసినిన్, 2015లో నోబెల్ వచ్చింది. ఈ కథని మా కౌంటర్ దగ్గర "చూశారా, పాతవాళ్ళకి అన్నీ తెలుసు" అని చెప్పేవాళ్ళున్నారు. మిగతా సగం ఎవరూ చెప్పరు. ఆ పాత పుస్తకాల్లోంచి ఏరి పరీక్షించిన సారాలు వందల్లో ఉన్నాయి, ఎందుకూ పనికిరాక పక్కన పెట్టినవే ఎక్కువ. ఏది ఉంచాలో ఏది పక్కన పెట్టాలో చెప్పింది ఆ పరీక్షే.

స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్‌గా ఉందన్నావు కదా. నీకో చిన్నపిల్ల సంగతి చెబుతాను. ఎమిలీ రోసా అనే తొమ్మిదేళ్ళ అమ్మాయి, అమెరికాలో, స్కూలు ప్రాజెక్టు కోసం ఒక ప్రయోగం చేసింది. ఒంటిని తాకకుండానే చేతులతో శక్తి క్షేత్రాన్ని పసిగట్టి నయం చేస్తామనే వాళ్ళని 21 మందిని కూర్చోబెట్టింది. మధ్యలో అట్ట అడ్డం పెట్టి, కింద రంధ్రాల్లోంచి వాళ్ళ రెండు చేతులూ చాపమంది. నాణెం ఎగరేసి, బొమ్మో బొరుసో చూసి, ఒక చేతికి పైన తన చెయ్యి పెట్టి "ఏ చేతి దగ్గరుంది?" అని అడిగింది. 280 సార్లలో సరిగ్గా చెప్పింది 123 సార్లు. కళ్ళు మూసుకుని ఊహించినా సగం సరవుతాయి కదా, ఇది అంతకన్నా తక్కువ. 1998లో పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది, అప్పటికి ఆ పిల్లకి పదకొండేళ్ళు. అట్టముక్క, నాణెం, ఒక మంచి ప్రశ్న. స్టాటిస్టిక్స్ క్లాసులో లెక్క తప్పినా ఫరవాలేదు, ఆ ప్రశ్న అడగడం మాత్రం మర్చిపోకు. నీకిష్టమైన పద్ధతినే ముందు అట్ట వెనక్కి పంపు.

మూలికల పేపర్లో సెయింట్ జాన్స్ వర్ట్ వస్తుంది, శ్రద్ధగా చదువు. దిగులుకి వాడతారు. అది కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని రెచ్చగొడుతుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ లాంటి మందుల మోతాదు రక్తంలో పడిపోతుంది. ఇక బెల్జియంలో 1990ల మొదట్లో, బరువు తగ్గడానికిచ్చిన మూలికల గుళికల్లో అరిస్టోలోకియా అనే మొక్క కలిసి వందమందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. "సహజం" అన్న మాట కనబడ్డప్పుడల్లా నాకు గుర్తొచ్చేది అదే. ఒళ్ళు మండేది ఊరికే కాదు.

మాట్లాడటం గురించి కూడా ఒక ముక్క. నేను కౌంటర్ దగ్గర "సిగరెట్ మానేయండి" అని వేలమందికి చెప్పుంటాను. అందరూ తలూపేవాళ్ళు. ఎవరూ మానలేదనుకుంటా. విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ గురించి రాశారు, తాగుడు సమస్య ఉన్నవాళ్ళతో పనిచేస్తూ. అందులో సంగతేమిటంటే, నువ్వెంత గట్టిగా మానమంటే అవతలి మనిషి అంత గట్టిగా మానకపోవడానికి కారణాలు వెతుక్కుంటాడు. ఆ కారణాలు తన నోటితో తనే విని వాటినే నమ్ముతాడు. అందుకని మారడానికి కారణం అతని నోటి నుంచే రావాలి. ఇది చదివాక ఈ మధ్య ఒకాయన దగ్గర ప్రయత్నించాను. "రోజుకి ఎన్ని తాగుతారు?" అని అడగడం మాని "తాగకుండా ఉండే టైమ్ ఎప్పుడు?" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మనవరాలు ఒళ్ళో ఉన్నప్పుడు" అన్నాడు. నేనింకేం అనలేదు. అనడానికి తెలియలేదు కూడా, ఆ తర్వాత ఏమడగాలో మీ క్లాసులో చెబితే నాకు రాయి. వెనక క్యూలో వాళ్ళు విసుక్కుంటున్నారు, ఆయన మందులు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఏమని పిలుస్తారు అన్న నా ప్రశ్నకి జవాబు నాకింకా తెలియదు. డాక్టరని మాత్రం పిలవరు. ఎవరైనా పొరపాటున పిలిస్తే అక్కడికక్కడే దిద్దు. రోగం పేరు చెప్పడం, మాత్ర ఆపమనడం, డోసు మార్చడం నీ పని కాదు. నీ దగ్గర వాళ్ళకి దొరికేది టైమ్. డాక్టరుగారి దగ్గర పది నిమిషాలుంటే నీ దగ్గర గంట ఉంటుంది. డబ్బా సంగతి ఆ గంటలోనే బయటికొస్తుంది.

ఇంకొక్కటి, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మూడు నెలలుగా ఒక మూలికల గుళిక వేసుకుంటున్నాను, బీపీ మాత్రతో పాటు. మా డాక్టరుగారికి చెప్పలేదు. మీ అమ్మకీ తెలియదు. డబ్బా బీరువాలోనే ఉంది, ఏ అరలోనో నువ్వే ఊహించుకో. ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడుగు. కసరకుండా అడుగు.

నాన్న