పద్దెనిమిది నిండాక మావాడు ఎక్కడికి వెళ్లాలి మంత్రి గారూ?

విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చిన ప్రతిసారీ 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ వస్తోంది. ఏం పరిష్కరించారో మాకే తెలియడం లేదు. అందుకే ఇలా అందరి ముందూ అడగాల్సి వస్తోంది.

మా అబ్బాయికి మేధో వైకల్యం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో టీచరమ్మ ఏళ్ల తరబడి పక్కన కూర్చుని నేర్పిస్తే చొక్కా గుండీలు పెట్టుకోవడం, చిల్లర లెక్కపెట్టడం వచ్చాయి. పద్దెనిమిది నిండాయి, అంతా ఆగిపోయింది. ఆవిడ తప్పేం లేదు, రూలు అంతే. ఇప్పటికీ పొద్దున్నే స్నానం చేసి బ్యాగు తగిలించుకుంటాడు. ఈరోజు సెలవు నాన్నా అంటాం. రోజూ సెలవేంటని అడిగే తెలివి వాడికి లేదనుకోకండి, అడుగుతున్నాడు. గుండీలు మళ్లీ వాళ్లమ్మే పెడుతోంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 19వ సెక్షన్‌లో ఇలాంటివాళ్లకి మార్కెట్‌తో లింకు ఉండే ప్రత్యేక నైపుణ్య శిక్షణ ఇవ్వాలని ఉంది. మీకు తెలియనిది కాదు. గుంటూరులో కూర్చుని మార్కెట్ కోసం వెతకాలా సార్? మిర్చి యార్డు ఉన్న ఊరు ఇది. కారం ప్యాకెట్లకి లేబుళ్లు అంటించమంటే మావాడు మధ్యాహ్నం దాకా తలెత్తడు, ఒక్కటి వంకరపోయినా పీకి మళ్లీ అంటిస్తాడు. పక్కన ఒక మనిషి ఉండి చూసుకోవాలి, అంతే. ఆ ఒక్క మనిషే దొరకడం లేదు. ట్రైనింగ్ కోసం ఒకచోటికి వెళ్తే కంప్యూటర్ వచ్చా అన్నారు. ఇంకోచోట "పెన్షన్ వస్తోందిగా, ఇంకేంటి?" అన్నారు. వస్తోంది, నెలకి 6,000. 2024లో పెంచినందుకు మీకు దణ్ణం పెడతాను. కానీ పెన్షన్ ఒకటో తారీఖున వస్తుంది, మిగతా ఇరవై తొమ్మిది రోజులు వాడేం చేయాలి?

బ్యాంకులో గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ (వాడికి మేమే సంరక్షకులమని చూపే కాగితం) గొడవ వేరే ఉంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద అది తెచ్చుకోవాలని బడిలో ఉండగానే ఎవరైనా చెప్పి ఉంటే ఇప్పుడీ టెన్షన్ ఉండేది కాదు. బడి అయిపోయాక ఏంటన్న మాటే ఎవరూ ఎత్తలేదు.

పెద్ద భవనం అడగడం లేదు. ఖాళీగా ఉన్న ఒక గది, నేర్పే ఒక మనిషి, పని ఇచ్చే నాలుగు కారం మిల్లులతో మాట. మా వీధిలాంటి వీధుల్లో ఇంట్లో కూర్చున్న పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్లకీ పనికొస్తుంది. దయచేసి పెట్టించండి. పెట్టలేమంటే ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక తండ్రి