వావివరసలకు దేశమంతా ఒకే పట్టిక సరిపోదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఉమ్మడి పౌరస్మృతిపై మీ పత్రికలో కొంతకాలంగా వస్తున్న వ్యాసాలన్నీ శ్రద్ధగా చదువుతున్నాను. విడాకులు, భరణం, వారసత్వం, బహుభార్యత్వం గురించి రెండు వైపుల నుంచీ చాలా చర్చ జరిగింది. ఎవరు ఎవరిని పెళ్లి చేసుకోవచ్చు అన్న ప్రశ్నను మాత్రం దాదాపు ఎవరూ ఎత్తలేదు. అలాంటి స్మృతి వస్తే దక్షిణాది కుటుంబాలకు మొదట తగిలేది అదే. చాలా ఏళ్లు సమాజశాస్త్రం బోధించిన దానిగా ఈ సంగతి మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఉత్తరాఖండ్ శాసనసభ 2024 ఫిబ్రవరిలో ఆమోదించిన పౌరస్మృతి 2025 జనవరి 27 నుంచి అమల్లో ఉంది. పురుషుడు పెళ్లాడకూడని బంధువులు 37 మంది, స్త్రీ పెళ్లాడకూడని బంధువులు 37 మంది అని అందులో ఒక పట్టిక ఉంది. పెదనాన్న, చిన్నాన్నల కూతుళ్లతో పాటు మేనమామ కూతురు, మేనత్త కూతురు కూడా అందులో చేరారు. ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్లి చేసుకోవచ్చు, అయితే ఆ ఆచారం ప్రజాహిత విధానానికీ నైతికతకూ విరుద్ధం కాకూడదు. షెడ్యూల్డ్ తెగలను చట్టం పరిధిలోంచి తప్పించారు. అక్కడి హిందూ కుటుంబాల్లో చాలావరకు ఇలాంటి పెళ్లిళ్లు ముందునుంచీ లేవు కాబట్టి వారికి పెద్దగా తేడా తెలియదు. చిన్నాన్న పిల్లలతో కూడా పెళ్లిని అనుమతించే ముస్లింలకు తెలుస్తుంది. రేపు ఇదే నమూనాగా తీసుకుని దేశం మొత్తానికి ఒక స్మృతి రాస్తే గోదావరికి ఇటువైపు వాళ్లందరికీ తెలుస్తుంది.

నిజానికి ఈ ఇబ్బంది పాతదే. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లినీ, మేనమామ మేనకోడళ్ల పెళ్లినీ నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చింది. తల్లి వైపు మూడు తరాలు, తండ్రి వైపు ఐదు తరాల లోపు ఒకే పూర్వికుల దగ్గర కలిసేవారు సపిండులంటూ వారి మధ్య కూడా పెళ్లి వద్దంది. ఆ తర్వాత, ఇద్దరికీ వర్తించే ఆచారం ఉంటే సరే అని ఒక వెసులుబాటు ఇచ్చింది. మతంతో పనిలేకుండా రిజిస్టరు పెళ్లికి వీలిచ్చే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలోనూ 37 బంధుత్వాల పట్టిక ఉంది. అక్కడ ఆచారం అంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన నియమమే. అంటే తెలుగు, తమిళ, కన్నడ ఇళ్లలో పదిమంది పెద్దల సమక్షంలో జరిగిన లెక్కలేనన్ని పెళ్లిళ్లు చట్టం కంటికి నిషేధం నుంచి మినహాయింపు పొందిన పెళ్లిళ్లుగానే కనిపిస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన స్త్రీలలో సుమారు 11 శాతం బంధువులను చేసుకున్నవారే. తమిళనాడు, కర్ణాటకల్లో అది నాలుగో వంతు దాటుతుంది. ఇంతమంది జీవితాలను చట్టంలో ఒక షరతు కింద పెట్టడం ఏమి న్యాయం?

మానవశాస్త్రవేత్త ఇరావతి కార్వే 1953లోనే భారతదేశపు బంధుత్వ వ్యవస్థలను ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా విడదీసి చూపించారు. ఉత్తరాది పద్ధతిలో తల్లి వైపు వారైనా తండ్రి వైపు వారైనా రక్తబంధువులే, వారిలో ఎవరితోనూ పెళ్లి కుదరదు. పిల్లను బయటి ఊరికి, తెలియని ఇంటికి ఇవ్వాలి. చాలాచోట్ల సొంత ఊళ్లో సంబంధం కూడా నిషిద్ధమే. దక్షిణాదిలో బంధువులు రెండుగా చీలుతారు. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ, మేనత్త పిల్లలు బావలు, మరదళ్లు. మేనత్తా అత్తే, పెళ్లయ్యాక భర్త తల్లీ అత్తే. ఒక పక్క తోబుట్టువులు, మరో పక్క పెళ్లి వరసలు. ఈ గీత ఎంత గట్టిదంటే, పిన్ని కొడుకుతో పెళ్లి అన్న మాట చాలా తెలుగు ఇళ్లలో నోటికే రాదు. మేనత్త కొడుకును పుట్టినప్పటి నుంచీ బావ అనే పిలుస్తారు. చట్టంలోని పట్టిక ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టేసింది.

ఈ వ్యవస్థను ప్రపంచం చాలాకాలం నుంచే గమనిస్తోంది. అమెరికా పరిశోధకుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో వెలువరించిన పట్టికల్లో తమిళ, తెలుగు బంధుత్వ పదాలు ఉన్నాయి. ఉత్తర అమెరికాలోని ఇరోక్వా ప్రజల బంధుత్వ పదాలతో వాటికి ఉన్న పోలిక చూసి ఆయన ఆశ్చర్యపోయారు. తమిళనాడులో పరిశోధన చేసిన ఫ్రెంచి మానవశాస్త్రవేత్త లూయీ డ్యుమాన్ 1950లలో తన రచనల్లో, ఇక్కడ వియ్యం ఒక్క తరంతో ముగియదనీ, అది కూడా వారసత్వంలా తరం నుంచి తరానికి సంక్రమిస్తుందనీ వివరించారు. వీటన్నిటికీ ఎంతో ముందే, ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథమైన బౌధాయన ధర్మసూత్రం మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లాడటం దక్షిణాది వారి ప్రత్యేక ఆచారాల్లో ఒకటని చెప్పింది. సముద్రయానం, ఆయుధాలు పట్టి బతకడం వంటివి ఉత్తరాది వారి ఆచారాలంది. ఒక ప్రాంతపు ఆచారాన్ని మరో ప్రాంతంలో పాటిస్తే దోషం, ఎక్కడి ఆచారానికి అక్కడే ప్రమాణం అంది. మరో ధర్మసూత్రకారుడు గౌతముడు ఆ మాట తప్పన్నాడని కూడా అదే సూత్రం నమోదు చేసింది. ఈ తగవు ఎంత పాతదో, రెండు పద్ధతులూ ఈ దేశపువేనని ఎంత స్పష్టంగా ఒప్పుకున్నారో చూడండి.

మేనరికాల వల్ల పిల్లలకు జబ్బులు వస్తాయి కదా, నిషేధిస్తే మంచిదే కదా అని కొందరు వాదిస్తారు. ఆరోగ్య ప్రశ్న నిజమైనదే. దాన్ని తేలిగ్గా తీసేసే హక్కు ఎవరికీ లేదు. బంధుత్వం లేని దంపతుల పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో తీవ్రమైన లోపాలు ఉంటే, బావామరదళ్ల పిల్లల్లో నూటికి మరో ఇద్దరు ముగ్గురికి ఆ ముప్పు ఉంటుంది. తరతరాలుగా ఆ కుటుంబాల మధ్యే పెళ్లిళ్లు జరుగుతుంటే అది ఇంకా పెరుగుతుంది. మేనమామ మేనకోడళ్ల పెళ్లిలో జన్యువుల పోలిక మేనరికానికి రెట్టింపు. అయితే చట్టంలోని పట్టిక ఈ లెక్క మీద తయారైనది కాదు. జన్యువుల దృష్టిలో మేనత్త కొడుకూ చిన్నాన్న కొడుకూ సమానమే, ఐదో తరం సపిండుల మధ్య పోలిక నామమాత్రం. ఏ రక్తసంబంధమూ లేని సవతి తల్లి కూడా ఆ పట్టికలో ఉంది. అది సామాజిక మర్యాదను బట్టి రాసిన పట్టిక. ఆ మర్యాద ఒక ప్రాంతానిది. ఆరోగ్యం కోసమే అయితే పెళ్లికి ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా జన్యు సలహా అందేలా చూడాలి. కుటుంబంలో వినికిడి లోపం, తలసీమియా, కొడవలి కణ వ్యాధి వంటివి ఉంటే ఇద్దరికీ పరీక్షలు చేయించాలి. పుట్టిన ప్రతి బిడ్డకూ స్క్రీనింగ్ జరగాలి.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. ఉయ్యాలలో ఉండగానే ఫలానా బావకని అనుకుని, ఆ మాట కోసం ఆడపిల్ల చదువు ఆపేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్క కూతురు ఎక్కడికీ పోకూడదని, పొలం బయటివాళ్ల పాలు కాకూడదని, తనకంటే పదిహేనేళ్లు పెద్దవాడైన మేనమామకు కట్టబెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఎత్తుకుని పెంచిన మనిషిని భర్తగా చూడలేనని చెప్పే ధైర్యం ఆ పిల్లకు ఎక్కడిది? చెప్పినా వినేవాళ్లెవరు? నేను చదువు చెప్పిన అమ్మాయిల్లో ఇలా మధ్యలో కాలేజీ మానేసినవాళ్లు ఉన్నారు. మేనమామ పెళ్లిళ్లు పూర్తిగా ఆగిపోతే సంతోషించేవాళ్లలో నేనే ముందుంటాను. అవి ఆ పిల్ల కాదన్నందువల్ల ఆగాలి. పెళ్లయిన ఇరవై ఏళ్లకు కోర్టులో అది పెళ్లే కాదని తేలడం వల్ల ఆగితే, నష్టపోయేది మళ్లీ ఆవిడే.

ఎందుకంటే చెల్లని పెళ్లి భారం భార్య మీదే పడుతుంది. పిల్లలను సక్రమ సంతానంగా చూడాలని 1955 చట్టమే చెప్పింది. భార్యకు ఆ రక్షణ లేదు. భర్త పోయాక ఆస్తి తగాదా వస్తే మరుదులో, బావగార్లో ఈ పెళ్లి నిషిద్ధ బంధుత్వం అని కోర్టుకెక్కుతారు. ఆచారం ఉందని, అది చాలాకాలంగా ఎడతెగకుండా సాగుతోందని నిరూపించాల్సింది ఆవిడ. ఇక్కడి కోర్టులకు మేనరికం కొత్త కాదు కాబట్టి ఇంతవరకు గడిచిపోయింది. ఉద్యోగం కోసం ఉత్తరాదిలో స్థిరపడిన కుటుంబం తన ఆచారాన్ని అక్కడి అధికారి ముందు ఎలా నిరూపించుకుంటుంది? దానికి తోడు నైతికతకు విరుద్ధం కాకూడదన్న షరతు ఉంటే, ఎవరి నైతికత అన్నది ఎవరు తేలుస్తారు?

ఒక పద్ధతిని మరో పద్ధతి కొలబద్దతో కొలిస్తే ఏమవుతుందో నేటి కేరళలోని మలబారు చూసింది. అక్కడి నాయర్లలో స్త్రీ పుట్టింటి తరవాడులోనే, అంటే తల్లి వైపు ఉమ్మడి ఇంట్లోనే ఉండేది, పిల్లలు ఆమె ఇంటివాళ్లు, సంబంధం అనే కలయిక వారి వివాహం. బ్రిటిష్ పాలనలోని కోర్టులు దాన్ని చట్టబద్ధమైన వివాహంగా గుర్తించలేదు. 1891లో టి. ముత్తుస్వామి అయ్యర్ అధ్యక్షతన కమిషన్ వేసి, 1896లో మలబారు వివాహ చట్టం చేసి, కావలసినవారు రిజిస్టరు చేసుకోవచ్చన్నారు. ముందుకొచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. సంబంధాన్ని వివాహంగా ఒప్పుకోవడానికి 1933 దాకా పట్టింది. అన్నేళ్లపాటు వేలాది స్త్రీలను కోర్టు దృష్టిలో భార్యలు కానివాళ్లుగా నిలబెట్టారు.

హర్యానాలోని కొన్ని ఖాప్ పంచాయతీలు, అంటే కులపెద్దల సభలు, సగోత్ర వివాహాలను నిషేధించేలా హిందూ వివాహ చట్టాన్ని మార్చాలని అడుగుతూ వచ్చాయి. 1946లోనే తొలగిన అడ్డంకి అది. ఆ కోరికను ఒప్పుకోకపోవడం సరైన పని. అదే తర్కం దక్షిణాదికీ వర్తించాలి కదా?

అందువల్ల తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం. జాతీయ స్థాయిలో ఏ ముసాయిదా వచ్చినా దాని నిషిద్ధ పట్టికలో తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులు, దత్తత తోబుట్టువుల వంటి ఏ ప్రాంతమైనా నిషిద్ధమని ఒప్పుకునే బంధుత్వాలనే ఉంచమని కోరాలి. మేనత్త, మేనమామ పిల్లలను పట్టికలోంచే తీసేయాలి, ఆచారం నిరూపణ అన్న షరతు ఉండకూడదు. పెళ్లికి ముందు అమ్మాయిని పెద్దలు లేనిచోట విడిగా అడిగి ఆమె సమ్మతిని నమోదు చేసే ఏర్పాటు రిజిస్ట్రారు కార్యాలయంలో ఉండాలి. ముసాయిదా సంఘంలో న్యాయమూర్తులతో పాటు బంధుత్వ వ్యవస్థలను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్తలు, దక్షిణాది స్త్రీలు ఉండాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద గెజిట్ ప్రకటన చేసే అధికారం రాష్ట్రాలకు ఇప్పటికే ఉంది కాబట్టి, మేనరికం విషయంలో ఆ ప్రకటన ఉందో లేదో, లేకపోతే ఎప్పుడు ఇస్తారో శాసనసభలో చెప్పాలని మన ఎమ్మెల్యేలను అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సమాజశాస్త్ర అధ్యాపకురాలు