కొత్త కాలిక్యులేటర్ కొనాలా, ఇంట్లో ఉన్నది చాలా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరంలో వేమన పద్యాల పోటీ గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆగస్టు మొదలైన దగ్గర్నుంచి మన ఆదివారం బడి వాట్సాప్ గ్రూపులో పద్యాల ఊసే లేదు, అంతా హైస్కూల్లో వాడే గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ల గోలే. "పెద్దవాడు వాడిన టీఐ-84 ప్లస్ అల్మారాలో ఉంది, చిన్నదానికి అది చాలదా మేడమ్?" అని ఒకరు. "స్కూలు లిస్టులో టీఐ-84 ప్లస్ సీఈ అని ఉంది, పాతది తీసుకెళ్తే మార్కులు తగ్గుతాయా?" అని ఇంకొకరు. వారమంతా హైస్కూల్లో మ్యాథ్స్ చెప్పి ఆదివారం తెలుగు చెప్పే మనిషిని కాబట్టి ఈ ప్రశ్నలు నా దగ్గరికే రావడం సహజం. పద్యాల పోటీ సంగతి వచ్చే నెల చూద్దాం.

తేల్చి చెప్పేస్తాను. ఇంట్లో పనిచేసే టీఐ-84 ప్లస్ ఉంటే కొత్తది కొనక్కర్లేదు. ఏదీ లేక ఇప్పుడే కొనబోతుంటే మాత్రం దాని తర్వాత వచ్చిన రంగుల తెర మోడల్, టీఐ-84 ప్లస్ సీఈ తీసుకోండి. పనుల హడావిడిలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

మనలో చాలామంది ఇంటర్లో క్లార్క్స్ టేబుల్స్ తిరగేసి లాగరిథమ్‌లు చూసినవాళ్లమే. గ్రాఫు అంటే మనకు గ్రాఫ్ పేపరు, చెక్కిన పెన్సిలు. అందుకే నూటయాభై డాలర్లకు అటూ ఇటూగా పలికే ఈ యంత్రం పేరు చెప్పగానే, అది లేకపోతే పిల్ల వెనకబడిపోతుందేమోనని టెన్షన్ పడతాం. వీటిని తయారుచేసే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (అదే టీఐ) హెడ్ ఆఫీసు మన డాలస్‌లోనే ఉన్నా, ఏ మోడల్ ఏమిటో అర్థం కాక తికమకపడేది మనమే.

పాత టీఐ-84 ప్లస్ 2004లో వచ్చింది. సీఈ 2015లో వచ్చింది. పదకొండేళ్ల తేడా ఉంది కదా, లెక్కలు కూడా మెరుగ్గా చేస్తుందనుకుంటారు. అదేం లేదు. రెండూ లోపల 14 అంకెల దాకా లెక్కకట్టి తెర మీద 10 అంకెలు చూపిస్తాయి. ఒకే సమీకరణానికి రెండూ ఒకే జవాబు ఇస్తాయి. మీటల అమరిక కూడా దాదాపు అదే. తెర కింద వరసగా వై=, విండో, జూమ్, ట్రేస్, గ్రాఫ్. క్లాసులో టీచరు "సెకండ్ నొక్కి ట్రేస్ నొక్కండి, ఇంటర్‌సెక్ట్ ఎంచుకోండి" అంటే పాతది పట్టుకున్న పిల్లవాడికీ, కొత్తది పట్టుకున్న పిల్లకీ అదే దారి. నా క్లాసులో ప్రతి ఏడాదీ రెండూ కలిసే ఉంటాయి, దానివల్ల పాఠం ఆగింది ఎప్పుడూ లేదు.

అసలు తేడా తెరలో ఉంది. పాతదాని తెర అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలు, నలుపు ఒక్కటే రంగు. సీఈ తెర 320, 240 చుక్కలు, రంగుల్లో. హెచ్చవేసి చూస్తే పన్నెండున్నర రెట్లు ఎక్కువ చుక్కలు. ఆల్జీబ్రా 1లో సరళరేఖలు గీసుకునేటప్పుడు ఇది పెద్ద విషయం కాదు. ఆల్జీబ్రా 2కి వచ్చి ఒకే తెర మీద ఒక పారాబోలా, ఒక క్యూబిక్, ఒక సరళరేఖ గీయమన్నప్పుడు పాతదాంట్లో ఏ గీత ఏదో పిల్లలకు అంతుపట్టదు. ఒకదాన్ని లావు గీతగా, ఇంకొకదాన్ని చుక్కల గీతగా మార్చుకునే వీలుంది గానీ, ఆ సంగతి గుర్తుపెట్టుకుని మార్చుకునే పిల్లలు తక్కువ. సీఈలో ఒక్కో ఫంక్షన్‌కూ ఒక్కో రంగు దానంతటదే వస్తుంది.

ఇంకొకటి ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వై = 1/(ఎక్స్ − 1) గ్రాఫు తీసుకోండి. ఎక్స్ విలువ 1 దగ్గర ఆ ఫంక్షన్‌కు విలువే లేదు. గ్రాఫు ఒక పక్క కిందికి దిగిపోతుంది, రెండో పక్క పైనుంచి వస్తుంది. పాత కాలిక్యులేటర్‌కు ఆ తెలివి లేదు. దానికి తెలిసిందల్లా పక్కపక్క రెండు చుక్కల్ని కలపడం. అందుకని మామూలు విండోలో ఆ రెండు ముక్కల మధ్య దాదాపు నిలువుగా ఒక గీత గీసేస్తుంది. అది గ్రాఫులో భాగమే అనుకుని పరీక్షలో నీటుగా ఆ గీతను కూడా దింపి మార్కులు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. టాన్ ఎక్స్ గీసినా ఇదే తంతు. సీఈలో ఫార్మాట్ మెనూలో డిటెక్ట్ అసింప్టోట్స్ అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే ఈ లేని గీత రాదు. మీ ఇంట్లో పాతదే ఉంటే ఇందుకోసం కొత్తది కొనకండి. ఆ నిలువు గీత అబద్ధమని పిల్లకు ఒక్కసారి చెప్పండి, చాలు. చెప్పాక మరిచిపోరు. నిజానికి యంత్రం కూడా తప్పు చూపిస్తుందని పదిహేనేళ్ల వయసులో తెలియడం మంచిదే.

వేగం సంగతి రెండు ముక్కల్లో. పాతది 15 మెగాహెర్ట్జ్, సీఈ 48 మెగాహెర్ట్జ్. పాతదాంట్లో గ్రాఫు ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకుతూ రావడం కంటికి కనిపిస్తుంది. పిల్లలకు అది విసుగు. నాకు మాత్రం, ఎక్స్ పెరుగుతుంటే వై ఎలా మారుతోందో అలా కళ్ల ముందే కనిపించడం నచ్చుతుంది. ఇది ముసలి టీచర్ల చాదస్తం అనుకోండి.

బ్యాటరీ గురించి మాత్రం కాస్త జాగ్రత్తగా చదవండి, ఇంట్లో ఇబ్బంది వచ్చేది ఇక్కడే. పాతదానికి నాలుగు ట్రిపుల్ ఏ బ్యాటరీలు. అల్మారాలో రెండేళ్లు పడున్న కాలిక్యులేటర్ పిల్ల చేతికి ఇచ్చేముందు వెనక మూత తీసి చూడండి. బ్యాటరీలు కారి స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే అది శుభ్రం చేయకుండా కొత్తవి వేసి లాభం లేదు. మంచి స్థితిలో ఉంటే దీనంత నిశ్చింత ఇంకోటి లేదు, పరీక్ష రోజు సంచిలో నాలుగు విడి బ్యాటరీలు వేసి పంపితే సరి. సీఈకి ఫోన్‌లా చార్జింగ్ పెట్టాలి. అయితే చార్జింగ్ పిన్ మాత్రం మీ ఫోన్‌ది కాదు, మినీ యూఎస్‌బీ. పెట్టెలో వచ్చిన వైరు పోతే ఇంట్లో ఇంకెక్కడా అలాంటిది దొరక్కపోవచ్చు. పరీక్ష ముందు రోజు రాత్రి ఆ వైరు కోసం ఇల్లంతా వెతికే కుటుంబాలు నాకు తెలుసు. వైరు మీద పిల్ల పేరు రాసి ఒకచోట పెట్టేయండి.

ఇక పరీక్షలు. మన రాష్ట్రంలో ఎనిమిదో గ్రేడ్ మ్యాథ్స్‌కూ, ఆల్జీబ్రా 1కూ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అందుబాటులో ఉంచాల్సిన బాధ్యత స్కూలుది, మీది కాదు. కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే ఎస్ఏటీ ఇక్కడ 2024 మార్చి నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదే. ఆ పరీక్ష యాప్‌లోనే డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉంటుంది. సొంతది తీసుకెళ్లినా అభ్యంతరం లేదు. అలాంటిదే ఇంకో పరీక్ష ఏసీటీలో టీఐ-84లు రెండూ చెల్లుతాయి, టీఐ-89 చెల్లదు. ఎవరైనా బంధువులు ఇంజనీరింగ్‌లో వాడిన టీఐ-89 ప్రేమగా ఇస్తే తీసుకోండి, ఏసీటీకి మాత్రం పంపకండి. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే ఏపీ కాల్క్యులస్ విషయంలో ఎక్కువ భయపడుతున్నారు. ఆ పరీక్షలో కాలిక్యులేటర్ వాడే భాగాల్లో దానితో చేయాల్సినవి నాలుగే: గ్రాఫు గీయడం, సమీకరణం మూలాలు కనుక్కోవడం, ఒక బిందువు దగ్గర డెరివేటివ్ విలువ, డెఫినిట్ ఇంటిగ్రల్ విలువ. ఈ నాలుగూ 2004 నాటి యంత్రం ఇబ్బంది లేకుండా చేస్తుంది. మిగతా భాగాల్లో అసలు కాలిక్యులేటరే ఉండదు. అక్కడ పిల్ల చేయి తిరిగి ఉండాలి తప్ప ఏ మోడలూ కాపాడదు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉన్న సీఈ వేరే ఉంది, 2021లో వచ్చింది. కంప్యూటర్ సైన్స్ ఇష్టపడే పిల్లలు అదే కావాలంటారు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లకు కాలిక్యులేటర్ మీటలతో పైథాన్ టైపు చేయాల్సిన అవసరం ఏముందో నాకైతే తెలియడం లేదు. రెండిటికీ ధర ఒకటే ఉంటే తీసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. 2013లో టీఐ-84 ప్లస్ సీ సిల్వర్ ఎడిషన్ అని మధ్యలో ఒకటి వచ్చింది. పేరులో సీ ఉంది, తెర రంగులదే, ఫోటోలో చూస్తే సీఈ అనే అనుకుంటాం. కానీ లోపల ఉన్నది పాత 15 మెగాహెర్ట్జ్ ప్రాసెసరే. అన్ని రంగుల చుక్కలను దానితో నడిపించేసరికి గ్రాఫు పాతదానికన్నా మెల్లగా వస్తుంది. గరాజ్ సేల్లో చౌకగా దొరికితే పేరులో సీ పక్కన ఈ ఉందో లేదో చూసుకోండి.

అన్నయ్యది చెల్లెలికి ఇచ్చేటప్పుడు లోపల దాచిన ఆటలు తుడిచేస్తారు కదా, అప్పుడు రీసెట్ మెనూలో ఆల్ మెమరీ నొక్కకండి. ఆటలతో పాటు పాలినామియల్ రూట్ ఫైండర్ లాంటి పనికొచ్చే యాప్‌లు కూడా పోతాయి. ఒక్కొక్క ప్రోగ్రామూ పేరు చూసి తీసేయండి. పాతదాంట్లో భిన్నాలు పుస్తకంలో ఉన్నట్టు ఒకదాని కింద ఒకటి కనిపించకపోతే, లోపలి సాఫ్ట్‌వేర్ పాతబడిందని అర్థం. కంప్యూటర్‌కు కలిపి 2.55 ఎంపీ అనే వెర్షన్‌కి మార్చుకుంటే ఆ సౌకర్యం వస్తుంది. ఇది చేతకాకపోతే ఆదివారం తీసుకురండి, పదకొండో గ్రేడ్ పిల్లలు చేసిపెడతారు.

చివరిగా మీ అందరి నుంచీ ఒక సాయం. కాలేజీకి వెళ్లిపోయిన పిల్లల కాలిక్యులేటర్లు మీ ఇళ్లలో ఊరికే పడి ఉంటే మన బడికి ఇవ్వండి. ఈ మధ్యే ఇండియా నుంచి వచ్చి, ఇంకా ఉద్యోగం కుదరని కుటుంబాల పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. ఏడాదికి అరువుగా ఇచ్చి జూన్‌లో వెనక్కి తీసుకుంటాం. ఏ మోడలైనా పర్వాలేదు, తెర పగలకుండా ఉంటే చాలు. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో గ్రూపులో పెట్టం. ఆదివారం తరగతులయ్యాక ఆఫీసు గదిలో నాకు నేరుగా ఇవ్వండి. కావాల్సినవాళ్లు ముందుగా నాకు విడిగా ఒక మెసేజ్ పెడితే, పక్కన తీసి ఉంచుతాను. బ్యాటరీలు మాత్రం తీసేసి ఇవ్వండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని