వేళ్లు తెగినా చలాన్ మారదు: కేంద్ర కార్మిక మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న ఫ్యాక్టరీలకు లెక్కలు రాస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. నెలనెలా పదిహేనో తారీఖు లోపల ఏడు యూనిట్ల ఈఎస్ఐ చలాన్లు, అంటే కార్మికుల బీమాకు డబ్బు కట్టే కాగితాలు, నా చేతుల మీదుగా వెళ్తాయి. ఈఎస్ఐ కార్పొరేషన్‌కు అధ్యక్షులు మీరే, రేటు మార్చే అధికారం ఉన్నది కేంద్రానికే, అందుకే మీకు రాస్తున్నాను. తెలుగులో ఎందుకంటే ఇక్కడి షెడ్లలో పని చేసేవాళ్లు కూడా దీన్ని చదవాలి.

ఆ ఏడింటిలో రెండు ప్రెస్ షాపులు, ఇనుప రేకును మిషన్‌తో కొట్టి ముక్కలు తీసే చోట్లు. ఒకే గల్లీ, ఎదురెదురు షెడ్లు. రేకును డై, అంటే అచ్చు, మీద పెట్టడం, స్ట్రోక్ కొట్టడం, ముక్క తీయడం, రెండు చోట్లా అదే పని. మొదటి ఓనర్ ప్రతి ప్రెస్‌కూ సెన్సార్ గార్డ్ పెట్టించాడు, చెయ్యి లోపల ఉంటే ప్రెస్ కిందికి దిగదు. డై మార్చేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు తీసి తన జేబులో వేసుకుంటాడు. నేను లెక్కలు చూస్తున్న పదకొండేళ్లలో ఆ షెడ్డులో ఒక్కరికి కూడా వేలు పోలేదు. రెండో షెడ్డులో ప్రెస్‌కు రెండు బటన్లు ఉంటాయి, రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే స్ట్రోక్ పడాలి, రెండు చేతులూ బయట ఉండాలనే అలా తయారు చేశారు. కానీ పీస్ రేటు కదా, ముక్కకు ఇంత అని కూలీ, రెండు చేతులూ బటన్ల మీదికి పోతే రోజుకు కొట్టాల్సినన్ని ముక్కలు పడవు. అందుకని కుడి బటన్ మీద చిన్న చెక్క ముక్క పెట్టి నల్లటి ఇన్సులేషన్ టేపుతో గట్టిగా చుట్టేశారు. అది ఎప్పుడూ నొక్కే ఉంటుంది. ఒక చేత్తో కొడతారు, రెండో చేత్తో ముక్క తీస్తారు.

ఈ ఇద్దరు ఓనర్లూ ఈఎస్ఐకి కట్టేది ఒకటే రేటు, జీతం మీద 3.25 శాతం. పక్క వీధిలో పన్నెండు కంప్యూటర్లు పెట్టుకున్న డ్రాయింగ్ ఆఫీసు కూడా అదే 3.25 కడుతుంది. 2019 జులైలో 4.75 నుంచి 3.25కి తగ్గించినప్పుడు కూడా అందరికీ కలిపే తగ్గించారు, జాగ్రత్తగా నడిపేవాడికీ, టేపు చుట్టినవాడికీ.

ఇక ఆ రెండో షెడ్డులో జరిగింది చెప్తాను. ఆ టేపు చుట్టిన ప్రెస్ మీద పాతికేళ్ల అబ్బాయికి చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. పద్నాలుగు నెలలుగా పని చేస్తున్నాడు, మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, పేరు ఉంది, ఈఎస్ఐలో లేదు. కాంట్రాక్టర్ మనిషి అన్నారు. సాయంత్రం నాలుగింటికి ప్రమాదం జరిగితే ఆరింటికి నాకు ఫోన్ వచ్చింది, వెంటనే ఇన్సూరెన్స్ నంబర్ తెప్పించమని. చేరిన తేదీ దగ్గర ఆరు రోజుల ముందటి తేదీ వేశాను. అది తప్పని తెలిసే వేశాను, ఎందుకంటే వెయ్యకపోతే ఆ రాత్రి వాడి ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలో తెలియలేదు. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు బయటికి చెప్పాలనే ఈ ఉత్తరం.

తర్వాత ఈఎస్ఐ తన పని చేసింది, అందులో నాకు ఫిర్యాదు లేదు. వైద్యం జరిగింది, పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం వచ్చింది, ఒక చేతికి రెండు వేళ్లు పోతే చట్టం షెడ్యూల్లో 20 శాతం అని ఉంది కాబట్టి పద్నాలుగు వేల జీతానికి నెలకు రెండున్నర వేల చొప్పున బతికినంత కాలం పింఛను వస్తుంది. ఈ డబ్బంతా ఎవరు పెట్టినట్టు? ఎదురు షెడ్డులో గార్డులు పెట్టించిన ఓనర్, డ్రాయింగ్ ఆఫీసు ఓనర్, జీతంలోంచి 0.75 శాతం కోయించుకున్న కార్మికులు, అందరూ కలిసి. టేపు చుట్టించిన ఓనర్ ఆ అబ్బాయి పేరు మీద ఆ నెల పూర్తి వాటా కట్టాడనుకున్నా 455 రూపాయలు. మరుసటి నెల చలాన్ తీశాను, 3.25 శాతమే. ఏడాది తర్వాత కూడా 3.25 శాతమే. ఆ షెడ్డులో ఒక మనిషి వేళ్లు పోయాయని ఆ కాగితం మీద ఎక్కడా కనిపించదు.

అమెరికాలో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు, జార్జియా రాష్ట్రంలో రెండు రెస్టారెంట్లు నడుపుతాడు. అక్కడ ముగ్గురు పనివాళ్లున్నా వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్, అంటే పనిలో గాయపడ్డవాళ్లకు పరిహారం ఇచ్చే బీమా, తప్పనిసరి. రెండేళ్ల కిందట ఫోన్‌లో ఒకటే టెన్షన్ పడ్డాడు, "మోడ్ పెరిగిందిరా, ప్రీమియం మోత మోగుతోంది" అని. మోడ్ అంటే ఏంటని అడిగితే గంటసేపు చెప్పాడు. విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే మన చలాన్‌లో లేనిది అదే.

అక్కడ ముందు పనిని బట్టి రేటు ఉంటుంది. వంటగదిలో ఉన్నవాడికి ఒకటి, కౌంటర్లో లెక్కలు రాసేవాడికి ఒకటి, పైకప్పు వేసేవాడికి అన్నిటికన్నా ఎక్కువ, ప్రతి వంద డాలర్ల జీతానికి ఇంత అని. దాని మీద ఆ ఓనర్ చరిత్రను లెక్కపెడతారు. ఇప్పుడు నడుస్తున్న పాలసీని పక్కనపెట్టి అంతకు ముందు మూడేళ్లు తీసుకుంటారు, అదే పని చేసే మిగతా వ్యాపారాల్లో సగటున ఎంత నష్టం జరగాలో చూస్తారు, ఈయన దగ్గర ఎంత జరిగిందో చూస్తారు. సరిసమానమైతే మోడ్ 1.00. ఎక్కువైతే 1.25, అంటే పాతిక శాతం ప్రీమియం ఎక్కువ కట్టాలి. తక్కువైతే 0.85, అంటే పదిహేను శాతం మిగిలినట్టే.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రతి క్లెయిమ్‌లో మొదటి భాగాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకుంటారు, దానిపై మొత్తాన్ని కొంతే తీసుకుంటారు. అందువల్ల ఒక్క పెద్ద ప్రమాదం కన్నా మాటిమాటికీ జరిగే చిన్న ప్రమాదాలే మోడ్‌ను ఎక్కువగా పెంచుతాయి. పెద్దది ఒక్కోసారి దురదృష్టం కావచ్చు, కానీ నెలకొకసారి చేతులు కాలుతుంటే అది అలవాటు కింద లెక్క. మా వాడి దగ్గర జరిగింది కూడా అదే, నూనె మీద పడటాలు, తడి నేల మీద జారటాలు. మోడ్ పెరిగాక ఫ్రైయర్ చుట్టూ జారని మ్యాట్లు వేయించాడు, చేతి తొడుగులు కొన్నాడు, నూనె చల్లారాకే మార్చాలని గోడ మీద రాయించాడు. ఎవరూ వాడికి నీతులు చెప్పలేదు సార్, బిల్లు చూశాడు, మారాడు.

ఇంకో విషయం. అక్కడ వ్యాపారం పేరు మార్చినా, అదే మనిషి చేతిలో సగానికి పైగా వాటా ఉంటే పాత చరిత్ర కొత్త పేరుకు కూడా వస్తుంది. మన దగ్గర పది మంది ఉంటే ఈఎస్ఐ వస్తుందని ఒక షెడ్డునే రెండు పేర్లతో తొమ్మిది మంది, తొమ్మిది మందిగా విడగొట్టడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

దీని మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, వాటిలో ఒకటి చాలా నిజమైనది. రేటు పెరుగుతుందంటే ఓనర్లు ప్రమాదాలే దాచేస్తారు. అమెరికాలో కూడా ఆ సమస్య ఉంది, క్లెయిమ్ వెయ్యొద్దని పనివాణ్ణి బుజ్జగించడం, బెదిరించడం. అందుకే అక్కడ చాలా రాష్ట్రాల్లో వైద్యం ఖర్చు మాత్రమే అయిన చిన్న క్లెయిమ్‌లను 30 శాతమే లెక్కపెడతారు, చెప్పినందుకు పెద్దగా నష్టపోకూడదని. మన దగ్గర దాచడం ఇప్పుడే ఉంది, రేటు మారకపోయినా ఉంది. నేను స్వయంగా తేదీ మార్చి వేశాను కదా. కాబట్టి దాచడాన్ని ఖరీదైన పనిగా చేయాలి. చేరిన పది రోజుల్లోపు ప్రమాదం జరిగినట్టు కనబడే ప్రతి కేసునూ ఇన్‌స్పెక్టర్ ఆ యూనిట్ మస్టర్‌తో, జీతాల పుస్తకంతో సరిచూస్తే చాలు, సగం గుట్టు బయటపడుతుంది. చేతి గాయంతో వచ్చిన ప్రతి మనిషి ఎక్కడ పని చేస్తాడో ప్రైవేటు ఆసుపత్రులు కూడా రాసి పంపాలి. కాంట్రాక్టర్ మనిషికి జరిగింది అసలు ఫ్యాక్టరీ ఖాతాలోనే పడాలి, వాటా కట్టే బాధ్యత అసలు యజమానిదేనని ఈఎస్ఐ చట్టం ముందు నుంచీ చెబుతూనే వచ్చింది.

రెండో అభ్యంతరం చిన్న యూనిట్ల గురించి. పన్నెండు మంది ఉన్న చోట పదేళ్లకు ఒక్క ప్రమాదం జరిగితే దాన్ని పట్టుకుని రేటు రెట్టింపు చేయడం న్యాయం కాదు, ఒప్పుకుంటాను. అక్కడ కూడా చిన్న వ్యాపారాలకు మోడ్ కొద్దిగానే కదులుతుంది, మరీ చిన్నవాటికి అసలు లెక్కే వెయ్యరు. మన చిన్న షెడ్లకు ప్రమాదాల లెక్క బదులు గార్డు పెట్టాడా లేదా చూసి రాయితీ ఇవ్వండి. పైగా నేను మొత్తం 3.25ను కదపమనడం లేదు. అందులో జ్వరానికీ, కాన్పుకూ, కుటుంబ వైద్యానికీ పోయే భాగం ఉంది, అది అందరికీ సమానంగానే ఉండాలి. పనిలో గాయాల కోసం ఖర్చయ్యే భాగాన్ని మాత్రం విడదీసి, దాన్ని పనిని బట్టి, చరిత్రను బట్టి పెంచండి, తగ్గించండి. కార్మికుడి 0.75 జోలికి మాత్రం పోవద్దు.

ఇక ఈఎస్ఐ దాటిపోయిన వాళ్ల సంగతి. 2017 జనవరి నుంచి ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000. నెలకు 21,000 తెచ్చుకునే వెల్డర్ పనిలో చనిపోతే భార్యకు, పిల్లలకు కలిపి జీతంలో 90 శాతం, అంటే 18,900 దాకా నెలనెలా వస్తుంది. వాడి పక్కన నిలబడే సీనియర్ వెల్డర్‌కు 30,000, ఈఎస్ఐ లేదు, వాడికి 1923 నాటి నష్టపరిహార చట్టం నుంచి వచ్చిన లెక్కే వర్తిస్తుంది. ఆ లెక్కలో 2020 జనవరిలో పెట్టిన జీతం పరిమితి 15,000. ముప్పై వేలు తెచ్చుకున్నా పదిహేను వేలే అనుకుని అందులో సగం, 7,500 తీసుకుని, నలభై ఏళ్ల వయసుకు షెడ్యూల్లో ఉన్న 184.17తో గుణిస్తే 13,81,275 రూపాయలు. ఒకేసారి ఇచ్చే డబ్బు, తర్వాత ఏమీ ఉండదు. ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే నెలకు ఎనిమిది వేలు. పని ఎక్కువ నేర్చుకుని, జీతం పెంచుకున్నవాడి కుటుంబానికి సగం కన్నా తక్కువ వస్తోంది సార్, ఇది ఎవరు ఎలా ఒప్పుకున్నారో నాకు అర్థం కాదు.

అదీ ఓనర్ దగ్గర డబ్బుంటేనే. ఆ చట్టం ఓనర్‌ను బాధ్యుణ్ణి చేసింది తప్ప ఇన్సూరెన్స్ తీసుకుని తీరాలని చెప్పలేదు. రోడ్డు మీదికి స్కూటర్ తీయాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, యాభై టన్నుల ప్రెస్ ముందు మనిషిని నిలబెట్టడానికి అక్కర్లేదు. నెల దాటి ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ, సగం దాకా జరిమానా అని రాసి ఉంది, కానీ షెడ్డు మూసేసి మిషన్లు అమ్ముకుని పోయినవాడి దగ్గర వడ్డీ ఎవరు వసూలు చేస్తారు? నష్టపరిహారం హక్కు గురించి చేరేటప్పుడే ఉద్యోగికి తెలియజేయాలని 2017లో చట్టంలో చేర్చారు. అలాంటి కాగితం ఒక్కటి కూడా నేను ఇంతవరకు చూడలేదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫ్యాక్టరీ ప్రమాదంలో పదిహేడు మంది పోయారు, 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ ప్రమాదంలో నలభై మందికి పైగా పోయారు. రెండు సార్లూ కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువ ఇచ్చినా తప్పు లేదు. కానీ ఆ కోటికీ, చట్టం లెక్క కట్టే పదమూడు లక్షలకూ మధ్య ఉన్న తేడా చూడండి. బాలానగర్‌లో ఒక్కడే పోతే ఎవరూ రారు, వాడికి పదమూడు లక్షల లెక్కే.

2020 సామాజిక భద్రతా కోడ్ అనే చట్టం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ప్రమాదకరమైన పని అని కేంద్రం నోటిఫై చేస్తే ఒక్క మనిషి ఉన్నా ఈఎస్ఐ వర్తింపజేయవచ్చని అందులో ఉంది. పవర్ ప్రెస్ ఉన్న ప్రతి షెడ్డునూ ఆ జాబితాలో పెట్టండి, తొమ్మిది, తొమ్మిదిగా విడగొట్టే ఆట ఆగిపోతుంది. ఈఎస్ఐ దాటినవాళ్లకు ఓనర్ పాలసీ తప్పనిసరి చేయండి, లెక్కకు అసలు జీతం తీసుకోండి. గాయాల భాగానికి చరిత్రను బట్టి రేటు పెట్టండి, ముందు ప్రెస్ షాపులు, రసాయన ఫ్యాక్టరీలతో మొదలుపెట్టినా చాలు.

ఆ అబ్బాయి ఇప్పుడు అదే షెడ్డులో ముక్కలు ఏరి డబ్బాల్లో సర్దే పని చేస్తున్నాడు. జీతం రసీదు మీద ఎడమ చేత్తో సంతకం పెడతాడు, నిదానంగా, అక్షరం అక్షరం. వాడు కొట్టిన ప్రెస్ మీద ఇంకో కుర్రాడు ఉన్నాడు. మీరు హైదరాబాద్ వచ్చినప్పుడు ముందుగా చెప్పకుండా ఒక్కసారి బాలానగర్ రండి సార్, నేనే తీసుకెళ్తాను. కుడి బటన్ మీద టేపు ఇంకా ఉంది, కిందటి వారం కొత్తది చుట్టారు.

ఇట్లు,
బాలానగర్‌లో లెక్కలు రాసే ఒక గుమాస్తా