సెల్ నుంచి మొదలుపెట్టు

చి. బుజ్జికి,

నువ్వు పంపిన టార్చి బొమ్మ చూశాను. గీత శుభ్రంగా ఉంది, లెక్కా తప్పలేదు. మూడు సన్న సెల్స్ (AAA) అంటే 4.5 వోల్టులు. అందులో ఎల్ఈడీకి 3.1 పోగా మిగిలిన 1.4ను దానికి నువ్వు అనుకున్న 350 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టర్ 4 ఓములు, బజార్లో దొరికేది 3.9. బాగానే ఉంది. కానీ ఆ రెసిస్టర్ పావు వాట్‌ది అని రాశావు, దాని మీద పడేది దాదాపు అర వాట్. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, కొన్నాళ్లకు మాడి నల్లబడుతుంది.

అది మార్చడం తేలికే. అసలు చిక్కు సెల్ దగ్గర ఉంది. రిమోట్‌లో వేసే సన్న సెల్, అందులోనూ కిరాణా కొట్లో దొరికే మామూలు జింక్-కార్బన్‌ది, 350 మిల్లీ ఆంపియర్లు తట్టుకోలేదు. అడిగితే వోల్టేజీ కూలబడుతుంది. మొదటి నిమిషం దీపావళి, కాసేపటికి మిణుగురు పురుగు.

నువ్వు ముందు ఎల్ఈడీని ఎంచుకుని తర్వాత దానికి సెల్స్ వెతికావు. చవక టార్చికి పని అటునుంచి మొదలవ్వాలి. ఏ ఊళ్లో ఏ కొట్టుకు వెళ్లినా ఉండేది పెన్సిల్ సెల్ (AA). అది ఒక్కటి ఎంత ఇవ్వగలదో చూసుకుని, అందులో సర్దుకునే ఎల్ఈడీని పెట్టు. ఇది మంచం పక్కన, కరెంటు పోయినప్పుడు ఫ్యూజు డబ్బా దగ్గర, తాళం కన్నం వెతకడానికి పనికొచ్చే లైటు. రాత్రిపూట పొలం గట్టు మీద పామును చూపించే లైటు కాదు, దానికి వేరే డిజైన్ కావాలి. రెండూ ఒకే డబ్బాలో ఇరికిస్తే రెండూ చెడతాయి.

రెండు పెన్సిల్ సెల్స్ నేరుగా తగిలిస్తే పోలేదా అంటావు. తెల్ల ఎల్ఈడీ సరిగా వెలగాలంటే 3 వోల్టులు కావాలి. కొత్త సెల్స్ రెండూ కలిసి 3.1 దాకా ఇస్తాయి, 2.7కి దిగేసరికి వెలుగు అయిపోతుంది. సెల్స్‌లో సత్తువ మాత్రం ఇంకా చాలా ఉంటుంది, దాన్ని చెత్తబుట్టలో పారేస్తాం. రీఛార్జి సెల్స్ వేస్తే రెండూ కలిపి 2.4 వోల్టులే, ఎల్ఈడీ సరిగ్గా వెలగనే వెలగదు. అందుకని ఒక్క సెల్ పెట్టి, వోల్టేజీని పెంచే చిన్న సర్క్యూట్ కట్టు. దాన్ని జూల్ థీఫ్ అంటారు. జూల్ అంటే శక్తి కొలత, పలికితే మాత్రం ఇంగ్లీషులో జ్యువెల్ థీఫ్, అంటే నగల దొంగ, అన్నట్టే ఉంటుంది. పారేసిన సెల్‌లో మిగిలింది కూడా దోచుకుంటుంది కాబట్టి పేరు కుదిరింది.

కావలసినవి ఇవి: 5 మి.మీ. తెల్ల ఎల్ఈడీ ఒకటి, బీసీ 337 ట్రాన్సిస్టర్ ఒకటి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి, తీగ చుట్టడానికి ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థపు రింగు ఒకటి, 30 గేజి ఎనామిల్ తీగ, జరుపుడు స్విచ్. బీసీ 547 కూడా వెలిగిస్తుంది కానీ దాని హద్దు 100 మిల్లీ ఆంపియర్లే, ఇక్కడ కరెంటు పోటు అంతకు మించుతుంది. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. రింగు మాత్రం కొనకు. పాడైన సీఎఫ్ఎల్ బల్బు అడుగున 10 మి.మీ. రింగు ఒకటి ఉంటుంది, అదే చాలు. గాజు గొట్టం పగలనివ్వకు, అందులో పాదరసం ఉంటుంది. ప్లాస్టిక్ అడుగు అతుకు దగ్గర మాత్రమే విప్పు. లోపలి పెద్ద కెపాసిటర్ కాళ్ల మధ్య ముందు ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఆనించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. పాత కంప్యూటర్ సప్లైలో కనిపించే పసుపు రింగు తెచ్చుకునేవు, అది ఇనుప పొడిది. మనం చుట్టే కొద్ది చుట్లకు అది పనిచెయ్యదు.

ఇక చుట్టడం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అర మీటరు ముక్కలు రెండు కోసి, పక్కపక్కన పట్టుకుని, రెండూ కలిపే రింగులోంచి 20 చుట్లు తిప్పు. మోటార్ వైండింగ్ షాపులో తీగ అంతా ఒకటే రంగు కాబట్టి, చుట్టే ముందే ఒక ముక్కకు రెండు కొసల్లోనూ గోళ్ల రంగు పుయ్యి. ఇప్పుడు మొదట్లో రెండు కొసలు, చివర్లో రెండు కొసలు ఉంటాయి. రంగు తీగ మొదలును, రంగు లేని తీగ చివరను కలిపి మెలిపెట్టు. ఆ జంట స్విచ్ మీదుగా సెల్ ప్లస్‌కు వెళ్తుంది. మిగిలిన రెండిట్లో ఒకటి రెసిస్టర్ ద్వారా ట్రాన్సిస్టర్ బేస్ కాలుకు, ఇంకొకటి దాని కలెక్టర్ కాలుకు. మూడో కాలు ఎమిటర్ సెల్ మైనస్‌కు. ఎల్ఈడీ పొడుగు కాలు కలెక్టర్‌కు, పొట్టి కాలు ఎమిటర్‌కు. బీసీ 337ను చదును ముఖం నీ వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. దాని బదులు కొట్టువాడు 2ఎన్ 2222 ఇస్తే కాళ్ల వరస మారొచ్చు, అడిగి తీసుకో.

వెలగలేదనుకో, ట్రాన్సిస్టర్ మార్చే పని పెట్టుకోకు. నూటికి తొంభై సార్లు కారణం ఎనామిలే. వైండింగ్ తీగ పూత సోల్డర్ వేడికి కరగదు. పైన సీసం మెరుస్తూ అంటుకున్నట్టే ఉంటుంది, లోపల కరెంటు పోదు. బ్లేడుతో చుట్టూ గీకి, ఎర్రటి రాగి కనిపించాక సోల్డర్ పట్టించు, మల్టీమీటర్‌తో చూసుకో. అది సరిగానే ఉంటే జంట తప్పు కలిపి ఉంటావు. ఒక తీగ కొసలు రెండూ అటూ ఇటూ మార్చి చూడు. ఎల్ఈడీ తగిలించకుండా మాత్రం స్విచ్ వెయ్యకు. కాయిల్‌లో ఉన్న శక్తికి పోయే దారి లేక వోల్టేజీ పదుల్లోకి ఎగిరి ట్రాన్సిస్టర్‌ను కొడుతుంది.

సెల్ నుంచి ఎంత లాగుతోందో కొలవాలంటే మీటర్‌ను కరెంటు రేంజిలో వరుసగా పెట్టకు. ఒకటిన్నర వోల్టులే ఉన్న చోట మీటర్, దాని తీగలు కలిసి తినేది తక్కువేమీ కాదు, లైటే మారిపోతుంది. 1 ఓమ్ రెసిస్టర్‌ను సెల్ మైనస్‌లో పెట్టి దాని మీద వోల్టేజీ చూడు. 80 మిల్లీ వోల్టులంటే 80 మిల్లీ ఆంపియర్లు. 50 నుంచి 100 మధ్య వస్తే మంచిది. ఎక్కువైతే 1 కిలో ఓమ్ బదులు 1.5 లేదా 2.2 వేసి చూడు. 2000 మిల్లీ ఆంపియర్ గంటల ఆల్కలైన్ సెల్‌కు 80 లెక్కన 25 గంటలు. మామూలు సెల్‌కు అందులో సగం కూడా ఆశించకు. పాత సెల్‌తో వెలుగు వణుకుతుంటే, స్విచ్ తర్వాత ప్లస్, మైనస్‌ల మధ్య 100 మైక్రో ఫారడ్ కెపాసిటర్ పెట్టు. సెల్ లోపలి అడ్డు పెరిగినప్పుడు అది కొంత ఆదుకుంటుంది.

డబ్బాకు వైరింగ్‌లో వాడే 20 మి.మీ. పీవీసీ పైపు సరిపోతుంది. పైపుల దళసరి ఒకటే ఉండదు, సెల్ వెంట తీసుకెళ్లి షాపులోనే జారవిడిచి చూడు. పెన్సిల్ సెల్ వ్యాసం 14.5, పొడవు 50.5 మి.మీ. స్ప్రింగుకు 8, సర్క్యూట్‌కు 15, ఎల్ఈడీకి 10 వేసుకుంటే పైపు 85 మి.మీ. దాటదు. సెల్‌కు, సర్క్యూట్‌కు మధ్య గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి జిగురుతో అంటించి మూసేయ్. దాని ఖర్చు లేదు గానీ టార్చిని బతికించేది అదే. ఈ సర్క్యూట్ సెల్‌ను 0.7 వోల్టుల దాకా పిండుతుంది, అంతగా పిండిన జింక్ సెల్ గోడ పలచబడి కారుతుంది. స్ప్రింగు మీద తెల్లటి పొక్కు, రాగి ఉన్నచోట పచ్చటి చిలుము కనిపిస్తాయి. మామూలు సెల్ కారితే వంట సోడా నీళ్లతో, ఆల్కలైన్ అయితే నిమ్మరసంతో తుడిచి ఆరబెట్టు. రీఛార్జి సెల్ వేస్తే వెలుగు మందగించగానే తీసెయ్యాలని డబ్బా మీదే రాయి, లేకపోతే ఆ సెల్ పాడవుతుంది.

సెల్ తిరగేసి పెడితే ఏమవుతుందోనని నువ్వు వేసిన డయోడ్ తీసెయ్. ఒక్క సెల్ కాబట్టి ఏమీ కాలదు, వెలగదు అంతే. ఆ డయోడ్ ఉన్న 1.5 వోల్టుల్లోంచి అర వోల్టుకు పైగా మింగుతుంది. పైపు మీద బాణం గుర్తు చాలు. లెన్సూ వద్దు, ఎల్ఈడీ మూతే లెన్సు పని చేస్తుంది. గుండ్రటి మూతది తీసుకో, కత్తిరించినట్టు చదునుగా ఉండేది వెలుగును నాలుగు వైపులా చల్లుతుంది.

తీగ, రెండు సీఎఫ్ఎల్ రింగులు మీ నాన్న ఆదివారం తెస్తారు. ఒక్కటి చుట్టి 1 ఓమ్ మీద ఎన్ని మిల్లీ వోల్టులు వచ్చాయో రాయి, సెల్ కొత్తదో పాతదో కూడా చెప్పు.

అమ్మ